క్రూగర్ ఫొటోలో మా తాతయ్య

పాల్ క్రూగర్ ఫొటో చూసినప్పుడల్లా నాలో ముందు పుట్టేది గౌరవం. ఆయన మన భారతీయుల పట్ల ఎలా నడుచుకున్నాడో ఆ తర్వాత గుర్తొస్తుంది. ఈ వరస ఎందుకిలా ఉందో తేల్చుకోవాలని చాలాకాలంగా నాతో నేను తగువు పడుతున్నాను. విజయవాడలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. చట్టాలు, యుద్ధాలు, సంవత్సరాలు పాఠంలో చక్కగా ఇమిడిపోయేవి. ఆ ముసలాయన ముఖం మాత్రం ఇమిడేది కాదు. దాన్ని పుస్తకంలో కంటే ముందు మా ఇంట్లోనే ఎక్కడో చూశాననిపించేది.

తెలుగు పాఠకులకు క్రూగర్ అంతగా పరిచయం లేడు. 1825లో కేప్ కాలనీలో డచ్చి మూలాలున్న రైతు కుటుంబంలో పుట్టాడు. ఆ రైతులనే బోయర్లు అంటారు. బ్రిటిష్ పాలన కింద ఉండలేమని ఎడ్లబండ్లు కట్టుకుని ఉత్తరానికి తరలిపోయిన జనంలో పదేళ్ల పిల్లవాడుగా ఉన్నాడు. బడి చదువు చాలా తక్కువ, బైబిలే ఆయన చదువు. ఆ జనం నిలబెట్టుకున్న ట్రాన్స్‌వాల్ రిపబ్లిక్‌కు 1883 నుంచి వరసగా నాలుగుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1886లో ఆ నేల కింద ప్రపంచంలోకెల్లా పెద్ద బంగారు గనులు బయటపడ్డాయి. 1899లో బ్రిటన్‌తో యుద్ధం వచ్చింది. దేశం చేజారిపోతుంటే 1900లో ఓడెక్కి యూరప్ వెళ్లాడు. 1904లో స్విట్జర్లాండ్‌లో, పరాయి నేల మీద కన్నుమూశాడు.

ఆ ఫొటోలు చూడండి. నల్ల కోటు, పొడవాటి టోపీ, మీసం లేని తెల్లటి గడ్డం. ఛాతీకి అడ్డంగా అధ్యక్ష పట్టీ. ముసలితనంలో కంటిజబ్బుతో ఉబ్బిన రెప్పలు. ఎడమచేతికి బొటనవేలు లేదు. యవ్వనంలో వేటకెళ్తే తుపాకి పేలి నలిగిపోయింది, మిగిలిన ముక్కను తానే కత్తితో కోసేసుకున్నానని తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. కెమెరా ముందు కూర్చోవడం రాని మనిషి అతను. భుజాలు బిగుసుకుని ఉంటాయి, పెదవులు మూసుకుని ఉంటాయి. పొలం నుంచి పిలుచుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఉంటాడు. ఆ బిగువులో నాకు నిజాయితీ కనపడేది.

అవే బొమ్మల్ని లోకం తనకు కావలసినట్టు వాడుకుంది. యుద్ధం రోజుల్లో లండన్ పత్రికలు అతన్ని మొరటు పల్లెటూరివాడిగా గీశాయి. ఆ టోపీ, ఆ గడ్డం వాళ్లకు అపహాస్యం సరుకు అయ్యాయి. ఇంగ్లిషువాళ్లంటే గిట్టని ఫ్రాన్స్‌లో, జర్మనీలో, హాలండ్‌లో అదే ముఖాన్ని కార్డుల మీద, కప్పుల మీద, పళ్లాల మీద వీరుడి ముఖంగా అచ్చువేసుకున్నారు. 1900 నవంబరులో అతను మార్సెయ్ రేవులో దిగితే జనం పోటెత్తారు. జర్మనీ చక్రవర్తి మాత్రం కలవడానికే ఒప్పుకోలేదు. ముఖానికి జైకొట్టినవాళ్లలో ఆ మనిషి దేశాన్ని కాపాడటానికి వచ్చిన ప్రభుత్వం ఒక్కటీ లేదు.

నాణెం మీద అతని బొమ్మకు ఇంకో చరిత్ర ఉంది. క్రూగర్‌కు ముందున్న అధ్యక్షుడు బర్గర్స్ 1874లో బంగారు నాణెం మీద తన ముఖం వేయించుకుంటే, దైవభక్తి గల ఆ రైతులు మనిషి బొమ్మను అలా పెట్టడం తప్పన్నారు. 1892లో క్రూగర్ ముఖంతో బెర్లిన్‌లో నాణేలు వేయించారు. వెనకవైపు వాళ్ల గుర్తయిన ఎడ్లబండి. బోయర్ల బండికి మధ్యలో ఒకటే నొగ ఉంటుంది, బెర్లిన్ చెక్కడంలో రెండు పడ్డాయి. పెద్ద గొడవ అయింది, దిద్ది మళ్లీ వేశారు. సొంత బండి మీదే బతికి, దాని మీదే దేశం కట్టుకున్నవాళ్లకు అది ఎంత బాధగా ఉంటుందో మా కృష్ణా జిల్లా రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ సంగతి చదివినప్పుడు నా మనసు వెంటనే వాళ్ల పక్షం చేరింది.

ఆ ముఖం బంగారాన్ని వదిలిపోలేదు. 1967లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఒక ఔన్సు బంగారు నాణేన్ని తెచ్చి, దాని మీద మళ్లీ క్రూగర్ ముఖాన్నే పెట్టి, అతని పేరే పెట్టింది. అప్పటికి అది వర్ణవివక్షను చట్టంగా నడుపుతున్న ప్రభుత్వం. గనుల్లో లోపలికి దిగి ఆ బంగారం తవ్వేవాళ్లు నల్లవాళ్లు, వాళ్లకు ఓటు లేదు. 1985లో అమెరికా ఆ నాణేల దిగుమతిని నిషేధించింది. చనిపోయి ఎనభై ఏళ్లయిన మనిషి ముఖం మీద నిషేధం పడింది.

బంగారం మీద ముఖాలు మా ఇళ్లకు కొత్త కాదు. మా అమ్మమ్మ కాసులపేరులో కొన్ని కాసుల మీద విక్టోరియా రాణి తల ఉండేది. డెల్టాలో కలిగిన ఇళ్లలో ఆ రాణి కాసులు చాలామంది మెడల్లో ఉండేవి. పెళ్లిళ్లకు అమ్మమ్మ అది వేసుకుంటే పిల్లలం దగ్గరికెళ్లి ఒక్కో కాసూ తిప్పి చూసేవాళ్లం. ఆవిడెవరని అడిగితే "రాణిగారు" అనేది అమ్మమ్మ. ఏ దేశపు రాణి, మన మెడల్లోకి ఎందుకొచ్చింది అని మేం అడగలేదు. బంగారం మీదున్న ముఖాన్ని ఎవరూ ప్రశ్నించరు.

ఇక మా తాతయ్య ఫొటో. గుడివాడ దగ్గర మా ఊరి పెంకుటింట్లో, హాల్లో, గుమ్మానికి ఎదురుగా ఉండేది. పంచె, కండువా, చేతికర్ర, బిగించిన పెదవులు. పక్కన ఒంగోలు ఎడ్ల జత. ఎవరో ఫొటోగ్రాఫరును మా ఊరికే పిలిపించి తీయించిన ఫొటో అది. క్రూగర్ ఫొటోలో ఉన్న బిగువంతా తాతయ్య ముఖంలో ఉంది. ఎండకు కమిలిన అదే చర్మం, దేవుడికీ భూమికీ తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పనక్కర్లేదన్న అదే చూపు. క్రూగర్ మీద నాకు పుట్టిన గౌరవం ఎక్కడిదో తెలిసింది అక్కడే. నేను ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడిని చూడటం లేదు. మా వంశంలో పెద్దాయన్ని చూస్తున్నాను.

ఇద్దరికీ పోలిక ముఖాల్లోనే ఆగలేదు. క్రూగర్ ప్రిటోరియాలో మామూలు ఇంట్లో ఉండేవాడు. తెల్లారగానే ఇంటి ముందు వరండాలో కాఫీ, పొగ గొట్టంతో కూర్చునేవాడు. బోయర్ రైతు ఎవరైనా వచ్చి తన గోడు చెప్పుకోవచ్చు. మా తాతయ్యా అంతే. తెల్లవారుజామున అరుగు మీద కూర్చునేవాడు. కాలవ నీళ్ల తగువులు, గట్టు తగువులు, పెళ్లి మాటలు అన్నీ అక్కడే తెగేవి. నాయకుడంటే అందుబాటులో ఉండేవాడని నేను నేర్చుకున్నది ఆ అరుగు మీదే. అందుకే క్రూగర్ వరండా ఫొటో నాకు అంతగా నచ్చింది.

తర్వాత, ఆ వరండా మెట్ల కింద ఎవరు నిలబడ్డారో చదివాను.

1885లో ట్రాన్స్‌వాల్ మూడో నంబరు చట్టం చేసింది. ఆసియావాళ్లకు ఆ దేశంలో పౌరసత్వం ఉండదు, సొంత భూమి ఉండదు, వ్యాపారానికి వచ్చి స్థిరపడేవాళ్లు 25 పౌన్లు కట్టి పేరు నమోదు చేయించుకోవాలి. మరుసటి ఏడు ఆ రుసుమును 3 పౌన్లకు తగ్గించి, ప్రభుత్వం చూపించిన వాడల్లోనే వాళ్లకు ఇల్లూ స్థలమూ అన్నారు. కారణంగా ఆరోగ్యం, శుభ్రత చూపించారు. ఆ రిపబ్లిక్ రాజ్యాంగం అంతకుముందే, 1858లోనే, చర్చిలోగాని రాజ్యంలోగాని తెల్లవాళ్లకూ తక్కినవాళ్లకూ సమానత్వం ఉండబోదని రాసుకుంది. ఈ చట్టం గురించి మొరపెట్టుకోవడానికి భారతీయులు కొందరు క్రూగర్ దగ్గరికి వెళ్లిన సంగతిని గాంధీ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో రాశారు. క్రూగర్ వాళ్లను ఇంట్లోకి రానివ్వలేదు, వాకిట్లోనే నిలబెట్టాడు. కాసేపు విని, బైబిల్ వంశావళి ఒకటి చెప్పి, మీరు పుట్టుకతోనే మాకు సేవ చేయవలసినవాళ్లు అని పంపేశాడు.

1893లో గాంధీకి ఆ ఇంటి ముందే మరో అనుభవం ఎదురైంది. ప్రిటోరియాలో ఉన్నప్పుడు రోజూ అటుగా నడకకు వెళ్లేవాడు. అధ్యక్షుడి ఇల్లు అని చెబితే తప్ప తెలియనంత సాదాగా ఉందని మెచ్చుకున్నాడు. ఒకరోజు కాపలా సిపాయి ఒక్క మాటైనా చెప్పకుండా, కాలిబాట మీద నడుస్తున్న ఆయన్ని నెట్టి, తన్ని, వీధిలోకి దింపాడు. గాంధీ స్నేహితుడు ఒకరు చూసి కేసు పెట్టమన్నా ఆయన పెట్టలేదు. ఆ ఇంటి నిరాడంబరతను మెచ్చుకున్న మనిషినే ఆ ఇంటి ముందు కాలిబాట నుంచి తన్నారు. నేను మెచ్చుకున్న వరండా, నేను మెచ్చుకున్న సాదాతనం అవే. మనవాడు తన్నులు తిన్నది దాని ముందే.

ఇక్కడ నేను క్రూగర్‌ను చీదరించుకుని పక్కన పెట్టేస్తే సులువుగా ఉండేది. నా మనసు అలా పోలేదు, పోవడం న్యాయం కూడా కాదు. ఇంగ్లిషువాళ్లు అంతకంటే మేలైనవాళ్లు కారు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది మొదలు, 1911 దాకా సుమారు లక్షా యాభై రెండు వేల మందిని చెరకు తోటల కూలికి నాటాల్ తీసుకెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లు వేలమంది ఉన్నారు. నాటాల్ బ్రిటిష్ కాలనీ. ఒప్పందం గడువు తీరాక అక్కడే ఉండిపోయే కూలీల మీద ఏడాదికి 3 పౌన్ల పన్ను వేసింది కూడా బ్రిటిష్ నాటాలే. అక్కడ మిగిలిపోయిన మనవాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని ఇప్పటికీ తెలుగును బతికించుకుంటున్నారు. వాళ్ల తాతముత్తాతల్లో ఎక్కువమందికి ఒక్క ఫొటో కూడా లేదు. ఓడ రికార్డుల్లో పేరు, ఊరు, వయసు, ఒంటి మీద పుట్టుమచ్చ మాత్రమే ఉన్నాయి.

బోయర్లు పడ్డ కష్టం కూడా చిన్నది కాదు. యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాళ్ల పొలాలు తగలబెట్టి, ఆడవాళ్లనూ పిల్లలనూ నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. రోగాలతో, ఆకలితో దాదాపు 28 వేలమంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. బ్లూమ్‌ఫాంటీన్ శిబిరంలో ఎముకల గూడుగా మారిన లిజీ వాన్ జిల్ అనే ఏడేళ్ల పాప ఫొటో ఉంది. నేను దాన్ని ఎక్కువసేపు చూడలేను. బ్రిటిష్ సంఘసేవకురాలు ఎమిలీ హాబ్‌హౌస్ ఆ పాప కథను బ్రిటన్‌లో చెబితే, తల్లి సరిగా చూసుకోక పాప అలా అయిందని అదే ఫొటోతో ఎదురు ప్రచారం చేశారు. పట్టుబడ్డ బోయర్లలో సుమారు 9 వేలమందిని మన దేశానికి తెచ్చారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగు బాగా వినిపించే బళ్లారిలో కూడా వాళ్లకు ఒక శిబిరం పెట్టారు. తమ భూమికి వేల మైళ్ల దూరంలో, మన ఎండలో ఆ రైతులు కాలం గడిపారు. వాళ్ల దిగులు ఊహించుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అయినా దక్షిణాఫ్రికాలో ఆ నిర్బంధ శిబిరాలతో పాటు నల్లవాళ్లకు వేరే శిబిరాలు ఉన్నాయి. వాటిలో లెక్కకెక్కిన చావులే 14 వేలకు పైన. 1913లో బ్లూమ్‌ఫాంటీన్‌లో శిబిరాల మృతులకు పెద్ద స్మారకం కట్టినప్పుడు అది బోయర్ స్త్రీలకూ పిల్లలకూ కట్టారు. అదే ఏడు ప్రిటోరియాలో క్రూగర్ విగ్రహాన్ని నిలబెట్టారు. అదే ఏడు, నిన్నటి బోయర్ సేనానులే నడిపిన ప్రభుత్వం భూమి చట్టం చేసి నల్లవాళ్లను దేశంలో సుమారు ఏడు శాతం నేలకు కుదించింది. అంత ఏడ్చినవాళ్లు మరొకరి ఏడుపు వినలేకపోయారు. నన్ను నేను పరీక్షించుకోవలసిన చోటు ఇదేనని నాకు అప్పుడు తెలిసింది. దెబ్బ తిన్న జాతిని ప్రేమించడం నాకు చేతనవుతుంది. ఆ జాతి తన ఇంటి ముందు ఎవరిని నిలబెట్టిందో అడగడం నాకు కష్టమవుతుంది.

ఎందుకు కష్టమో చెబుతాను. ఆ ప్రశ్న క్రూగర్ ఇంటి దగ్గర ఆగదు. అది మా అరుగు దాకా వస్తుంది.

1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా మారిపోయింది. 1833 నాటి గుంటూరు కరువులో మనుషులు దారుల పక్కన పడి చచ్చిపోయిన ప్రాంతానికి కాలవ నీళ్లు వచ్చాయి. మా బోటి రైతుల ఇళ్లల్లో వరి నిండింది, పాడి నిండింది, పిల్లలు చదువుకున్నారు. ఆ చదువు చివరి కొస నేను. చెమటోడ్చి పైకొచ్చాం అని మావాళ్లు అనేవారు. అది అబద్ధం కాదు. ఆ చెమటలో సగం ఊరికి అవతల, దళితుల పల్లెలో కాపురమున్నవాళ్లది. వాళ్లకు వేరే వాడ ఉండాలని మా ఊళ్లో ఎవరూ చట్టం రాయలేదు, రాయవలసిన అవసరం పడలేదు. పల్లె నుంచి వచ్చినవాళ్లు మా ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచేవాళ్లు. అరుగు కింద నిలబడి మాట్లాడేవాళ్లు. మంచినీళ్లు అడిగితే నాయనమ్మ దోసిట్లో పోసేది. తాతయ్య అందరికీ అందుబాటులో ఉండేవాడని ఇందాక రాశాను. అరుగు ఎక్కి కూర్చోగలిగిన అందరికీ అని రాస్తే సరిగ్గా ఉండేది.

తాతయ్య ఫొటోలో ఒక అంచున ఒక చెయ్యి ఉంది. ఎద్దు పగ్గం పట్టుకున్న చెయ్యి. మణికట్టు దాకా ఉంది, మిగిలిన మనిషి చట్రంలో లేడు. చిన్నప్పుడు నాయనమ్మను అడిగాను.

"ఆ చెయ్యెవరిది నాయనమ్మా?"

"పాలేరుదమ్మా. ఎద్దు బెదిరిపోతుంటే పట్టుకున్నాడు."

"పేరేంటి?"

"ఏమోనే, ఆ రోజుల్లో ఎంతమంది ఉండేవాళ్లో."

ఆవిడ దాచలేదు, నిజంగానే ఆవిడకు గుర్తులేదు. ఎద్దుల పేర్లు మాత్రం చెప్పింది. రెండూ చెప్పింది. ఎద్దు పేరు ఇంటిల్లిపాదికీ గుర్తుండి, దాన్ని మేపి, కడిగి, పగ్గం పట్టినవాడి పేరు గుర్తులేకపోవడం మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు. నాక్కూడా ఆ వయసులో తోచలేదు.

ఇదంతా పాత కాలం సంగతి అని అనుకోవడానికి నాకు దారి లేదు. 1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అక్కడ గొడవ మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట మీద. చుండూరు కృష్ణా డెల్టా ఊరు. మా కాలవల నీళ్లే, మా వరి చేలే. ఆ వార్తలు వచ్చిన రోజుల్లో మా బంధువుల ఇళ్లల్లో మాటలు ఎలా సాగాయో నాకు తెలుసు. పోయినవాళ్ల గురించి కంటే మనవాళ్ల మీద కేసుల గురించి ఎక్కువ మాట్లాడుకున్నారు. ప్రిటోరియా కాలిబాట గురించి క్లాసులో చెబుతుంటే పిల్లల కళ్లలో కోపం కనపడేది. చుండూరు గురించి చెప్పడానికి నా గొంతు తగ్గేది. క్లాసులో రెండు వైపుల పిల్లలూ ఉంటారని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. అసలు సంగతి అది కాదు. కాలిబాట కథలో నేను తన్నులు తిన్న పక్షం. చుండూరు కథలో నేను అరుగు మీది పక్షం.

విజయవాడ బందరు రోడ్డులో నడిచేటప్పుడు ఇవన్నీ ఒక దారిలో కలుస్తాయి. ఆ రోడ్డు మీద మ్యూజియం ఉంది. 1887లో విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, రాబర్ట్ స్యూయల్ కృష్ణా జిల్లా కలెక్టరుగా ఉన్నప్పుడు శంకుస్థాపన జరిగింది. విక్టోరియా జూబిలీ మ్యూజియం అనేవాళ్లు, ఇప్పుడు బాపు మ్యూజియం. 1921లో కాంగ్రెస్ పెద్దలు బెజవాడలో సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీకి ఇక్కడే చూపించారు. భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్య యువకుడుగా ఉన్నప్పుడు బ్రిటిష్ సైన్యంలో చేరి బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్లారని, గాంధీ పరిచయం అక్కడిదేనని ఆయన జీవితకథ చెబుతుంది. అంటే మా జిల్లా మనిషి ఒకరు క్రూగర్ సైన్యానికి ఎదురుగా, విక్టోరియా జెండా కింద నిలబడ్డారు. ఆ సైన్యంలో ఉండి పరాయి జెండాకు సలాం చేయాల్సి రావడమే ఆయనలో మనకో జెండా ఉండాలన్న పట్టుదలను పుట్టించిందంటారు. 1916లో జాతీయ జెండా మీద పుస్తకమే తెచ్చారు.

బెజవాడలో ఆయన చూపించిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ, అంటే హిందువులు, ముస్లింలు. తక్కిన మతాలవాళ్ల కోసం తెలుపు కూడా కలపమని గాంధీ అన్నారు. వెంకయ్య కలిపారు. నేను ఆ ఉదంతాన్ని ఏళ్ల తరబడి మా ఊరి గొప్పగా చెప్పాను. ఇప్పుడు దాన్ని ఇంకోలా చదువుతాను. దేశం బొమ్మ గీసిన మనిషి, అందులో చోటులేనివాళ్లు ఉన్నారని వినగానే గుడ్డ విప్పి మళ్లీ కుట్టాడు. తాను గీసిందాని మీద మమకారంతో ఆగిపోలేదు. క్రూగర్ రిపబ్లిక్ తన నాణెం మీద బండికి నొగ తప్పుపడితే దిద్దుకుంది. తన రాజ్యాంగంలో మనుషుల్ని వదిలేస్తే దిద్దుకోలేదు.

అదే బందరు రోడ్డు మీద స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న అంబేడ్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. విగ్రహం 125 అడుగులు, కింది పీఠం 81 అడుగులు. దాని కిందకి పల్లెల నుంచి కుటుంబాలు వస్తాయి, పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు తీసుకుంటాయి. ఆ ముఖాల్లో నేను చూసింది గౌరవమే. నాకు మా తాతయ్యను చూస్తే కలిగేది, క్రూగర్‌ను చూస్తే బోయర్ రైతుకు కలిగేది. ఒక తేడా ఉంది. ఈ విగ్రహానికి చెందిన మనిషి జీవితమంతా, బయట నిలబెట్టినవాళ్లను లోపలికి తేవడానికి ఖర్చయింది. గౌరవం ఒకే రకంగా కనిపించినా, అది దేన్ని కాపాడుతుందో చూసి విలువ కట్టాలి.

క్రూగర్ విగ్రహం సంగతీ చెప్పాలి. శామీ మార్క్స్ అనే వ్యాపారి ఇచ్చిన డబ్బుతో ఆంటన్ వాన్ వావ్ అనే శిల్పి యుద్ధానికి ముందే దాన్ని తయారు చేశాడు. యుద్ధం రావడంతో నిలబెట్టడం కుదరలేదు. చుట్టూ ఉండవలసిన నలుగురు బోయర్ కాపలాదారుల కంచు బొమ్మల్ని బ్రిటిష్ సేనాధిపతి కిచెనర్ ఇంగ్లండుకు పట్టుకెళ్లిపోయాడు, 1921లో గాని తిరిగి రాలేదు. విగ్రహం 1913లో ఒక పార్కులో, 1925లో రైల్వే స్టేషను ముందు, 1954లో నగరం నడిబొడ్డున చర్చి చౌకులో నిలిచింది. టోపీ పైన గుంట ఉంచితే వాన నీళ్లు నిలిచి పిట్టలు తాగుతాయని క్రూగర్ భార్య కోరిందని ఒక కథ చెప్పుకుంటారు. 2015లో దాని మీద పచ్చరంగు కుమ్మరించారు. దాన్ని తీసేయాలని కొందరు, మా పెద్దాయన్ని ముట్టుకోవద్దని కొందరు పోట్లాడారు. తర్వాత చుట్టూ కంచె వేశారు.

ఆ వార్తలు చదివినప్పుడు రెండు పక్షాల గొంతులూ నాలో వినిపించాయి. పిట్టలకు నీళ్లు దక్కాలని తలచిన ఇల్లాలి కథ నాకు ఇష్టం. ఆ ఇంటి వాకిట్లో నిలబెట్టినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చారా అన్న ప్రశ్న కూడా నాదే. ఈ రెండింటిలో ఒకదాన్ని చంపుకుని రెండోదాన్ని ఉంచుకోవాలని నేను అనుకోవడం లేదు. తాతయ్య నన్ను భుజాన ఎక్కించుకుని తిరునాళ్లకు తీసుకెళ్లాడు, ఆడపిల్లకు చదువెందుకన్న ఊరిని ఎదిరించి నన్ను చదివించాడు. ఆయన్ని ప్రేమించడం మానను. ఆ అరుగు మీద జరిగింది అన్యాయమని చెప్పడం కూడా మానను. ప్రేమ ఉన్నవాళ్లే ఆ మాట చెప్పాలి. శత్రువు చెబితే ఇంటివాళ్లు వినరు, మనవరాలు చెబితే కోపగించుకుంటూనైనా వింటారు.

నా తీర్పు ఇది. నాయకుడి బొమ్మకు దండ వేయాలా, రంగు కుమ్మరించాలా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ మనిషి కాలిబాట మీద ఎవరు నడవగలిగారు, ఎవరిని కిందకి దింపారు అన్నది. క్రూగర్ సామ్రాజ్యాన్ని ఎదిరించిన ధైర్యవంతుడు. తన స్వాతంత్ర్యంలో పక్కవాడికి చోటివ్వని పాలకుడు. రెండో వాక్యం లేకుండా మొదటిది చెబితే అది చరిత్ర అనిపించుకోదు. మా తాతయ్య గురించి నేను రాసుకోవలసిందీ అదే కొలతతో.

ఇది చదివే డెల్టా ఇళ్లవాళ్లకు ఒక మనవి. మీ హాల్లో కూడా పంచె, కండువాతో పెద్దాయన ఫొటో ఉండే ఉంటుంది. ఒకసారి దించి అంచులు చూడండి. ఎద్దు పగ్గం పట్టినవాళ్లు, ధాన్యం కొలిచినవాళ్లు, పసిపిల్లను ఎత్తుకున్న ఆడమనిషి ఎవరైనా సగం కనిపిస్తే, ఇంట్లో తొంభై దాటినవాళ్లను కూర్చోబెట్టి పేరు అడగండి. వాళ్లకు తెలియకపోతే పల్లెకు వెళ్లి అడగండి, అక్కడ వాళ్ల మనవలకు తప్పక తెలిసి ఉంటుంది. అరుగు కింద నుంచి కాకుండా వాళ్ల ఇంట్లో కూర్చుని అడగండి. తెలిసిన పేరును ఫొటో వెనక పెన్సిల్‌తో రాసిపెట్టండి. పేరు చెప్పగలిగిన ముసలివాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు, ఈ పని వచ్చే సంక్రాంతికి వాయిదా వేయకండి.